టెట్రజోలియం: వర్ణకమా, సూచికా?

ఖరీఫ్‌కు ముందు నెలల్లో విత్తన పరీక్షాశాల ముందుకు వచ్చే ప్రశ్న ఒక్కటే: ఈ విత్తనం మొలుస్తుందా? దీనికి నేరుగా సమాధానం చెప్పేది మొలక పరీక్ష. అయితే ఆ పరీక్షకు కాలం కావాలి. తుది లెక్క తేలడానికి వరికి 14 రోజులు, వేరుశనగకు 10 రోజులు, సోయాచిక్కుడుకు 8 రోజులు, మొక్కజొన్నకు 7 రోజులు పడుతుంది. తొలకరి దగ్గర పడిన వేళ అంత వ్యవధి ఉండదు కనుక ఒకటి రెండు రోజుల్లో ఫలితం తేల్చే టెట్రజోలియం పరీక్షను ఆశ్రయించడం పరిపాటి. నానిన గింజను చీల్చి, ద్రావణంలో ఉంచి, కొన్ని గంటల తరువాత చూస్తే బతికి ఉన్న భాగాలు ఎర్రగా కనిపిస్తాయి. ఆ ఎరుపును చూడగానే విద్యార్థుల నోట, ఒక్కొక్కప్పుడు విస్తరణ సిబ్బంది నోట కూడా వచ్చే వాక్యం ఇది: "రంగు పట్టింది కనుక మొలుస్తుంది."

ఈ చిన్న వాక్యంలో రెండు దోషాలున్నాయి. టెట్రజోలియం విషయంలో విత్తనానికి "రంగు పట్టడం" అనేది జరగదు. ఎరుపు కనిపించినంత మాత్రాన విత్తనం తప్పక "మొలుస్తుంది" అనడానికీ వీలు లేదు. మొదటి దోషమే రెండవదానికి దారి తీస్తున్నది. ఈ రసాయనాన్ని తెలుగు పాఠాల్లోను, ప్రయోగ పుస్తకాల్లోను "వర్ణకం", "రంగు మందు", "అభిరంజకం" అనే పేర్లతో పరిచయం చేయడమే దీనికి మూలం. పేరు సరైనదైతే పరీక్ష అర్థం దానంతట అదే బోధపడుతుంది. పేరు తప్పితే ఆ తప్పు రైతు పొలం దాకా వెళ్లే అవకాశం ఉంది. కాబట్టి ఈ పేరును, దాని వాడుకను ఒకసారి జాగ్రత్తగా పరిశీలించడం అవసరం.

పేరులోని భాగాలు

పరీక్షలో వాడే రసాయనం పూర్తి పేరు 2,3,5-ట్రైఫినైల్ టెట్రజోలియం క్లోరైడ్. వాడుకలో దీనిని టి.టి.సి. అంటారు. పేరు పొడవుగా ఉన్నా అందులోని ప్రతి ముక్కకూ అర్థం ఉంది. "టెట్ర" అంటే గ్రీకు భాషలో నాలుగు. "అజ" అనే భాగం నత్రజనికి గుర్తు. తరువాతి "ఓల్" అనే భాగం ఐదు పరమాణువుల అసంతృప్త వలయాన్ని తెలుపుతుంది. చివరి "ఇయం" ధనావేశం గల అయానును సూచిస్తుంది. అంటే నాలుగు నత్రజని పరమాణువులు, ఒక కర్బన పరమాణువు కలిసి ఏర్పడిన ధనావేశ వలయం టెట్రజోలియం. ఆ వలయంలో రెండవ, మూడవ, ఐదవ స్థానాలలో మూడు ఫినైల్ సమూహాలు ఉంటాయి. ధనావేశానికి సరితూగే ఋణావేశం క్లోరైడ్‌ది. కాబట్టి ఇది రసాయన స్వభావంలో ఒక లవణం.

నత్రజనిని తెలిపే "అజ" ముక్క వెనుక చిన్న చరిత్ర ఉంది. 1787లో ఫ్రాన్స్‌లో లవోయిజర్, ఆయన సహచరులు రసాయన నామకరణ పద్ధతిని ప్రకటించినప్పుడు గాలిలోని ఈ వాయువుకు "అజోట్" అని పేరు పెట్టారు. గ్రీకు ధాతువుల ప్రకారం ఆ మాటకు "జీవం లేనిది" అని అర్థం. ఈ వాయువు ఒక్కటే ఉన్నచోట ప్రాణులు బతకలేవన్నది ఆ పేరుకు ఆధారం. తెలుగులోని నత్రజని అనే మాట "నైట్రోజన్" దారిలో వచ్చినది కనుక ఆ అర్థం మన పాఠకులకు స్ఫురించదు. జీవం లేనిదన్న మాటను కడుపులో పెట్టుకున్న పేరే నేడు విత్తనంలో జీవం ఉందో లేదో చెప్పే పరీక్షకు పేరైంది. పదం పుట్టుక ఒకటి, దాని నేటి పని మరొకటి కావచ్చునని ఇది గుర్తు చేస్తుంది.

ఇంత పొడవైన పేరులో రంగును తెలిపే ముక్క ఒక్కటి కూడా లేదని గమనించాలి. రంగు అనే భావన వ్యాపార నామాల ద్వారా వచ్చి చేరింది. రసాయనాల జాబితాలలో ఇదే పదార్థం "టెట్రజోలియం రెడ్" అనే పేరుతోనూ కనిపిస్తుంది. సీసా తెరిచి చూస్తే ఉండేది తెల్లని లేదా లేత పసుపు ఛాయ గల పొడి. నీటిలో కలిపితే వచ్చేది రంగులేని ద్రావణం. పేరులోని ఎరుపు సీసాలో లేదు. అది ఇంకా పుట్టవలసి ఉన్న మరొక పదార్థానిది.

వర్ణకం అనిపించుకోవడానికి ఏమి కావాలి?

వర్ణకానికి రెండు లక్షణాలు ఉండాలి. అది స్వయంగా రంగు గలదై ఉండాలి. తాను చేరిన వస్తువును అంటిపెట్టుకుని నిలవాలి. రంగుకు అణువులోని కొన్ని ప్రత్యేక సమూహాలే కారణమని 1876లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఒట్టో విట్ ప్రతిపాదించాడు. రెండు నత్రజని పరమాణువుల మధ్య ద్విబంధం గల "అజో" సమూహం అటువంటి వాటిలో ప్రసిద్ధమైనది. పరీక్షాశాలల్లో వాడే కాంగో రెడ్, మిథైల్ ఆరెంజ్ వంటివి అజో వర్ణకాలే.

టెట్రజోలియం లవణానికి ఈ రెండు లక్షణాలూ లేవు. అది రంగులేనిది. కణజాలాన్ని అంటిపెట్టుకునే గుణం కారణంగా దానిని ఈ పరీక్షకు ఎంచుకోలేదు. అది నీటిలో కరిగి కణాలలోకి ప్రవేశిస్తుంది. బతికి ఉన్న కణం శ్వాసిస్తూ ఉంటుంది. శ్వాసక్రియలో డీహైడ్రోజినేజ్ ఎంజైములు ఆహార పదార్థాల నుండి హైడ్రోజన్‌ను వేరు చేస్తాయి. ఆ హైడ్రోజన్‌ను టెట్రజోలియం అందుకొని క్షయకరణం చెందుతుంది. వలయంలోని రెండవ, మూడవ నత్రజనుల మధ్య బంధం తెగి వలయం విచ్చుకుంటుంది. అప్పుడు ఏర్పడే కొత్త పదార్థం ట్రైఫినైల్ ఫార్మజాన్. అందులో అజో సమూహం ఉంటుంది కనుక అది ఎర్రగా ఉంటుంది. నీటిలో కరగదు కనుక పుట్టిన కణంలోనే నిలిచిపోతుంది. ఈ చర్యలో హైడ్రోక్లోరికామ్లం కూడా వెలువడుతుంది. ద్రావణాన్ని ఫాస్ఫేట్ బఫర్‌తో 6.5 నుండి 7.5 పి.హెచ్. మధ్య నిలపాలనే నియమానికి గల కారణాలలో ఇదొకటి.

తెలుగు నేలకు చిరపరిచితమైన నీలిమందుతో పోల్చితే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. నీలిమందు నీటిలో కరగదు. అద్దకపు తొట్టిలో క్షయకరణం చెందినప్పుడు అది తన నీలిరంగును కోల్పోయి కరిగే రూపం దాలుస్తుంది. ఆ ద్రావణంలో ముంచిన బట్టను పైకి తీసి గాలికి ఆరవేస్తే ఆక్సీకరణం జరిగి, పోగుల లోపలే నీలం తిరిగి ఏర్పడుతుంది. టెట్రజోలియం నడక దీనికి ఎదురు. ఆక్సీకృత రూపంలో రంగులేక కరుగుతుంది, క్షయకృత రూపంలో ఎర్రబడి కరగకుండా నిలుస్తుంది. మరొక ముఖ్యమైన భేదం కూడా ఉంది. బట్టకు ప్రాణం లేదు. నీలం ఏర్పడటానికి బట్ట చేసే పని ఏమీ లేదు, గాలి ఉంటే చాలు. విత్తనంలో ఎరుపు ఏర్పడాలంటే విత్తనమే పని చేయాలి. అద్దకంలో రంగు బయటి నుండి వస్తుంది. ఇక్కడ విత్తనం తన శ్వాసతో రంగును తయారు చేసుకుంటుంది.

అందువల్ల వర్ణకం అనే మాట ఫార్మజాన్‌కు చెల్లుతుంది, టెట్రజోలియంకు చెల్లదు. టెట్రజోలియం ఒక సూచిక. అంతర్జాతీయ విత్తన పరీక్షా సంఘం నియమాలు కూడా ఈ రంగులేని ద్రావణాన్ని జీవకణాలలో జరిగే క్షయకరణ చర్యలను బయటపెట్టే సూచికగానే వర్ణిస్తాయి. సూచిక అనే మాట మన విద్యార్థులకు కొత్త కాదు. ఫినాఫ్తలీన్ ఆమ్లంలో రంగు లేకుండా, క్షారంలో గులాబి రంగుతో కనిపిస్తుందని పాఠశాలలోనే చదువుకుంటారు. ఫినాఫ్తలీన్‌ను గులాబి వర్ణకమని ఎవరూ అనరు. టెట్రజోలియంకు కూడా ఆ న్యాయమే వర్తించాలి.

చరిత్ర చెప్పే పాఠం

ట్రైఫినైల్ టెట్రజోలియం క్లోరైడ్‌ను 1894లో పెక్‌మన్, రుంగె అనే రసాయన శాస్త్రవేత్తలు తయారు చేశారు. అప్పటికి విత్తనాలతో దానికి సంబంధం లేదు. విత్తనాన్ని మొలకెత్తించకుండానే అందులో జీవం ఉన్నదీ లేనిదీ తెలుసుకోవాలనే ప్రయత్నం మరో దారిలో సాగింది. 1925లో రష్యా శాస్త్రవేత్త నెల్యుబోవ్ ఇందుకు ఇండిగో కార్మైన్‌ను ఉపయోగించాడు. అది నిజమైన వర్ణకం. బతికి ఉన్న కణపు పొర దానిని లోనికి రానివ్వదు. చనిపోయిన కణంలోకి అది చొరబడి నీలంగా కనిపిస్తుంది. అంటే ఆ పరీక్షలో రంగు పట్టిన భాగం చనిపోయినది, రంగు పట్టనిది బతికి ఉన్నది.

1930 దశకంలో జపాన్‌లో హసెగావా, ఇతర దేశాలలో మరికొందరు సెలీనియం, టెల్లూరియం లవణాలతో ప్రయత్నించారు. జీవకణం ఆ లవణాలను క్షయకరిస్తే ముదురు రంగు పదార్థం ఏర్పడుతుంది. ఆలోచనలో మార్పు ఇక్కడ వచ్చింది. మృతకణం ఏమి పీల్చుకుంటుందని వెదకడం మాని, జీవకణం ఏమి చేస్తుందని అడగడం మొదలైంది. అయితే సెలీనియం లవణాలు విషపూరితాలు. జర్మనీలోని హోహెన్‌హైమ్‌లో పనిచేసిన గియోర్గ్ లాకోన్ మొదట వాటితోనే పరీక్షలు జరిపాడు. 1941లో రిచర్డ్ కూన్, యెర్షెల్ జీవకణాలు టెట్రజోలియం లవణాలను క్షయకరిస్తాయని చూపారు. కెరోటినాయిడ్లు, విటమిన్లపై చేసిన కృషికి 1938 నోబెల్ బహుమతి పొందిన రసాయన శాస్త్రవేత్తే ఈ కూన్. మరుసటి ఏడాది, 1942లో, లాకోన్ సెలీనియంను వదలి టెట్రజోలియంతో విత్తన పరీక్షను ప్రతిపాదించాడు. 1949లో ఆంగ్లంలో వెలువడిన వ్యాసం ద్వారా ఆ పద్ధతి విస్తృతంగా తెలిసింది.

లాకోన్ తన పద్ధతికి "టోపోగ్రాఫికల్" అనే విశేషణం జోడించాడు. స్థలాన్ని బట్టి చూసేది అని దాని భావం. ఎరుపు ఉందా లేదా అనే ప్రశ్నతో ఆయన తృప్తి పడలేదు. పిండంలో ఏ భాగం ఎర్రబారింది, ఏ భాగం తెల్లగా మిగిలింది, ఆ తెల్లని భాగం లేకుండా మొక్క ఎదగగలదా అన్నదే అసలు ప్రశ్న. ఫార్మజాన్ పుట్టినచోటే నిలుస్తుంది కనుకనే ఆ ప్రశ్నకు సమాధానం సాధ్యమైంది. నేడు "వర్ణకం" అనే మాట వాడుకలో స్థిరపడి "టోపోగ్రాఫికల్" అనే మాట మరుగున పడింది. పరీక్షకు ప్రాణమైన భాగమే పేరులో లోపించింది.

తప్పు పేరు, తప్పు చూపు

టెట్రజోలియంను వర్ణకంగా భావించినవారు సహజంగానే ఎంత మేర రంగు పట్టిందని చూస్తారు. ఈ చూపు కొన్ని పొరపాట్లకు దారి తీస్తుంది.

మొదటిది, అవయవ భేదాన్ని మరచిపోవడం. వరి, మొక్కజొన్న గింజలలో పిండి నిండిన అంకురచ్ఛదం పరిపక్వ దశకు చేరేసరికి జీవం లేని కణజాలం అవుతుంది. గింజ ఎంత మంచిదైనా ఆ భాగం తెల్లగానే ఉంటుంది. గింజలో ఎక్కువ భాగం తెల్లగా ఉందని దానిని చచ్చిన గింజల లెక్కలో వేయడం తప్పు. ఆముదంలో పరిస్థితి వేరు. నూనె నిల్వ ఉండే దాని అంకురచ్ఛదం సజీవమైనది. అది ఎర్రబారకపోతే అనుమానించాలి. వేరుశనగలో బీజదళాలు రెండూ చక్కగా ఎర్రబారినా, అవి పిండాక్షంతో కలిసే చోట లేదా ప్రథమకాండం వద్ద తెల్లని మృతభాగం ఉంటే ఆ విత్తనం నుండి మంచి మొక్కను ఆశించలేము. విస్తీర్ణంలో చూస్తే అది నూటికి తొంభై పాళ్లు ఎర్రగానే ఉంటుంది. లెక్కకు వచ్చేది మాత్రం మిగిలిన ఆ చిన్న భాగమే.

రెండవది, ముదురు ఎరుపును శ్రేష్ఠతకు గుర్తుగా తీసుకోవడం. గోరింటాకు ఎంత ముదురుగా పండితే అంత మెచ్చుకోవడం మన ఇళ్లలో అలవాటు. వర్ణకం విషయంలో అది సబబే. టెట్రజోలియం పరీక్షలో ఆరోగ్యకరమైన కణజాలం సమానమైన, నిగారింపు గల ఎరుపును చూపుతుంది. యంత్రంతో నూర్చేటప్పుడు నలిగిన భాగాలు, కోతకు ముందు వానకు తడిసి దెబ్బతిన్న భాగాలు తరచుగా మరింత ముదురు ఎరుపుతో కనిపిస్తాయి. పొర దెబ్బతిన్నందున ద్రావణం తొందరగా చొరబడటం, గాయపడిన కణాల శ్వాస పెరగడం ఇందుకు కారణాలు. సోయాచిక్కుడు విత్తనంలో ఈ భేదాన్ని గుర్తించడం చాలా ముఖ్యం. అక్కడ ముదురు ఎరుపు ఒక హెచ్చరిక.

మూడవది, ఎరుపు విత్తనానిదేనని తలచడం. శ్వాసించే జీవి ఏదైనా టెట్రజోలియంను క్షయకరించగలదు. బూజు, బాక్టీరియా చేరి కుళ్లుతున్న గింజలో ఆ సూక్ష్మజీవుల వల్ల కూడా ఎరుపు కనిపించవచ్చు. గింజ మెత్తబడి, ఎరుపు మసకగా, అలుక్కుపోయినట్లు ఉంటే పరీక్షకుడు ఆగి ఆలోచించాలి. వర్ణకం అనుకుంటే ఈ సందేహమే రాదు. సూచిక అనుకుంటే "ఇది ఎవరి శ్వాసను సూచిస్తున్నది?" అనే ప్రశ్న తప్పక వస్తుంది.

నాలుగవది, పరీక్ష పరిస్థితులను చిన్నచూపు చూడటం. టెట్రజోలియం వెలుతురుకు కూడా మార్పు చెందుతుంది. కాబట్టి ద్రావణాన్ని గోధుమ రంగు సీసాలో భద్రపరచాలి, పరీక్షను చీకటిలో జరపాలి. గాఢత సాధారణంగా 0.1 నుండి 1.0 శాతం, ఉష్ణోగ్రత 30 నుండి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. పంటను బట్టి, గింజను చీల్చిన తీరును బట్టి ఇవి మారుతాయి. ద్రావణపు ఆమ్లత్వం పెరిగితే బతికి ఉన్న గింజ కూడా సరిగా ఎర్రబారదు. ఎంజైము పనిని కొలుస్తున్నామన్న స్పృహ ఉన్నవారు ఈ షరతులను పాటిస్తారు. బట్టకు రంగు వేసినట్లు భావించేవారికి ఇవి అనవసరపు లాంఛనాలుగా తోస్తాయి.

ఐదవది, భిన్నమైన పరీక్షలను ఒకే గాట కట్టడం. ఇండిగో కార్మైన్ లాగానే ఇవాన్స్ బ్లూ, ట్రిపాన్ బ్లూ కూడా చనిపోయిన కణాలలో చేరే వర్ణకాలు. వాటిని, టెట్రజోలియంను ఒకే అధ్యాయంలో "జీవ వర్ణకాలు" అనే శీర్షిక కింద చదివిన విద్యార్థికి రంగు ఒకచోట చావుకు, మరొకచోట బతుకుకు గుర్తు కావడం కంఠస్థం చేయవలసిన వింతగా మిగిలిపోతుంది. మొదటి వర్గం వర్ణకాలని, రెండవది సూచిక అని విడదీసి చెబితే కంఠస్థం చేయవలసిన పని లేదు. వర్ణకం పొర విఫలమైన చోటికి పోతుంది. సూచిక ఎంజైము సఫలమైన చోట కనిపిస్తుంది.

టెట్రజోలియం అనే మాట ఒక్కటే రాసి ఊరుకోవడం కూడా చాలదు. అది ఒక కుటుంబం పేరు. నైట్రోబ్లూ టెట్రజోలియం లేత పసుపు లవణం. క్షయకరణం చెందితే నీలి ఫార్మజాన్ ఇస్తుంది. సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ పరీక్షలలో వాడేది అది. ఎం.టి.టి. అనే పసుపు లవణం ఊదారంగు ఫార్మజాన్ ఇస్తుంది. కణవర్ధన ప్రయోగాలలో దాని వాడకం ఎక్కువ. నైట్రోబ్లూ పేరులో "బ్లూ" ఉన్నా సీసాలో నీలం లేదు. ఉత్పన్నం రంగును మూల పదార్థానికి అంటగట్టే అలవాటు ఈ కుటుంబమంతటా ఉంది. సిద్ధాంత గ్రంథంలో తొలి ప్రస్తావన వద్ద పూర్తి పేరు రాస్తే ఈ గందరగోళం తొలగుతుంది.

జీవశక్తి వేరు, మొలక శాతం వేరు

ఈ చర్చలో అన్నిటికంటే బరువైన అంశం ఇది. టెట్రజోలియం పరీక్ష తెలిపేది విత్తనపు జీవశక్తిని. మొలక పరీక్ష తెలిపేది నిర్ణీత పరిస్థితులలో, నిర్ణీత రోజులలో సాధారణ మొలకలుగా ఎదిగిన విత్తనాల శాతాన్ని. ఈ రెండు అంకెలు కొన్ని నమూనాలలో దగ్గరగా ఉండవచ్చు. కొన్నింటిలో చాలా దూరంగా ఉండవచ్చు.

ఉదాహరణకు, అప్పుడే కోసిన వర్జీనియా రకపు వేరుశనగ నమూనా నుండి 400 గింజలను టెట్రజోలియం పరీక్షకు పెట్టగా 360 గింజలు జీవం గలవిగా తేలాయనుకుందాం. జీవశక్తి 90 శాతం. అదే నమూనాలోని మరో 400 గింజలను మొలక పరీక్షకు పెడితే 240 మాత్రమే మొలిచాయనుకుందాం. మొలక 60 శాతం. రెండు పరీక్షలూ సరిగానే జరిగి ఉండవచ్చు. ఈ అంతరానికి ముందుగా గుర్తుకు రావలసిన కారణం నిద్రావస్థ. గుత్తి రకాలలో నిద్రావస్థ సాధారణంగా లేనంత తక్కువ. వర్జీనియా రకాలలో అది స్పష్టంగా ఉంటుంది. పెసర, మినుములలో నీటిని పీల్చని గట్టి గింజలు, కొన్ని వరి రకాలలో కోత తరువాత కొద్ది వారాలు ఉండే నిద్రావస్థ ఇటువంటి అంతరానికి దారి తీస్తాయి. ఇక్కడ టెట్రజోలియం అంకె రైతుకు మేలు చేసే సమాచారమే. ఆ విత్తనాన్ని పారవేయనక్కర లేదు. ఎథ్రిల్ వంటి వాటితో నిద్రావస్థను తొలగించవచ్చు లేదా కొంతకాలం ఆగవచ్చు. కాని 90 శాతం ఎరుపును 90 శాతం మొలకగా చెబితే, ఆ మాట నమ్మి ఏ శుద్ధీ లేకుండా వెంటనే విత్తిన చేనులో సాళ్ల నిండా ఖాళీలు కనిపిస్తాయి.

ఎదురు పరిస్థితి కూడా ఉంది. నిల్వలో పాతబడిన విత్తనం ఇంకా శ్వాసిస్తూ ఉండవచ్చు. ఎరుపు కనిపిస్తుంది. పొలంలో చలి, అధిక తేమ, నేల పైపెచ్చు గట్టిపడటం వంటి ఒత్తిడులను తట్టుకుని పైకి రాగల ఓజస్సు దానికి ఉండకపోవచ్చు. బతికి ఉండటం, మొలవడం, పొలంలో నిలబడటం మూడు వేర్వేరు మెట్లు. టెట్రజోలియం మొదటి మెట్టు వద్ద నిలబడి మాట్లాడుతుంది. అనుభవజ్ఞుడైన పరీక్షకుడు ఎరుపు తీరును బట్టి ఓజస్సు గురించి కొంత ఊహించగలడు. ఆ ఊహను శాతంగా మార్చి రైతుకు హామీగా ఇవ్వడం మాత్రం తగదు.

చట్టం దృష్టి కూడా మొలక పరీక్షపైనే ఉంది. 1966 విత్తన చట్టం కింద నిర్దేశించిన కనీస ప్రమాణాలు మొలక శాతంలో ఉన్నాయి. ధ్రువీకృత విత్తనానికి వరిలో 80 శాతం, వేరుశనగలోను సోయాచిక్కుడులోను 70 శాతం కనీసం ఉండాలి. విత్తన సంచికి కట్టే చీటీపై ఉండవలసినది ఆ అంకె. టెట్రజోలియం ఫలితం ఆ స్థానాన్ని ఆక్రమించలేదు. అది ముందస్తు అంచనాకు, నిద్రావస్థను గుర్తించడానికి, మొలవని విత్తనం ఎందుకు మొలవలేదో తెలుసుకోవడానికి తోడ్పడే సాధనం. కోత యంత్రం గాయమా, పురుగు కాటా, వాన తడా, ఎండబెట్టడంలో అతివేడా అన్నది మొలక పరీక్ష అంకె చెప్పదు. చీల్చిన గింజలోని ఎరుపు, తెలుపుల అమరిక చెబుతుంది. ఈ రోగనిర్ధారణ శక్తే టెట్రజోలియం అసలు బలం. దానిని కేవలం వేగవంతమైన మొలక పరీక్షగా ప్రచారం చేయడం వల్ల దాని విలువ తగ్గుతున్నది.

రాదగిన ఆక్షేపణలు

"వాడుకలో స్థిరపడిన పేరును ఇప్పుడు ఎందుకు కదిలించాలి? ఆంగ్ల గ్రంథాలలో కూడా రంగు పట్టిన, రంగు పట్టని కణజాలమనే కదా రాస్తున్నారు?" అని ఎవరైనా అడగవచ్చు. ఈ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. అయితే ఆంగ్లంలో ఆ మాటను ఎక్కువగా వాడేది శిక్షణ పొందిన విశ్లేషకులు. వారి చేతిలో పంట వారీగా బొమ్మలతో కూడిన నియమావళి ఉంటుంది. మాటలోని లోపాన్ని ఆ నియమావళి సరిదిద్దుతుంది. తెలుగులో ఈ మాట ప్రయోగశాల దాటి కరపత్రాలలోకి, రైతు శిక్షణ తరగతులలోకి, రేడియో ప్రసంగాలలోకి వెళుతుంది. అక్కడ నియమావళి ఉండదు, మాట ఒక్కటే ఉంటుంది. కాబట్టి తెలుగు మాటకు బాధ్యత ఎక్కువ.

మరొక ఆక్షేపణ ఇందుకు విరుద్ధమైనది: "అయితే టెట్రజోలియంకు అచ్చమైన తెలుగు పేరు కల్పించరాదా?" ఆ అవసరం లేదు. నత్రజనిని, నాలుగు సంఖ్యను కలిపి సంస్కృత సమాసం నిర్మించడం కష్టం కాదు. కాని ఆ పేరుతో అంగడిలో సీసా దొరకదు, గ్రంథాలయంలో వ్యాసం దొరకదు. టెట్రజోలియం, ఫార్మజాన్ అనే పేర్లు ఉన్నవి ఉన్నట్లే తెలుగు లిపిలో రాయడం మేలు. మారవలసింది వాటి పక్కన చేర్చే జాతిపదం, వాటితో వాడే క్రియ.

ఆచరణకు కొన్ని సూచనలు

టి.టి.సి.ని "సూచక లవణం" లేదా "క్షయకరణ సూచిక" అనవచ్చు. "ఎర్ర వర్ణకం" అనే మాటను ఫార్మజాన్‌కు పరిమితం చేయవచ్చు. "విత్తనానికి రంగు పట్టింది" అనే వాక్యానికి బదులు "పిండం ఎర్రబారింది" అనడం సముచితం. పండు ఎర్రబారిందంటే దానికి ఎవరో రంగు వేశారని తెలుగువారెవరూ అనుకోరు. ఆ మార్పు లోపలి నుండి వచ్చిందని క్రియలోనే తెలుస్తుంది. ఈ పరీక్షకు కావలసిన క్రియ మన భాషలో సిద్ధంగా ఉంది.

ఫలితాన్ని "జీవశక్తి శాతం" అని మాత్రమే రాయాలి. దాని పక్కన ద్రావణ గాఢత, పి.హెచ్., ఉష్ణోగ్రత, ఉంచిన సమయం, గింజను చీల్చిన తీరు నమోదు చేయాలి. జీవం లేనివిగా తేల్చిన గింజలలో ఏ భాగం తెల్లగా మిగిలిందో కూడా రాయాలి. స్నాతకోత్తర సిద్ధాంత గ్రంథాలలో ఈ వివరం తరచుగా కనిపించదు. అది లేకపోతే లాకోన్ పద్ధతిలోని సగం సమాచారం పోయినట్లే.

ఈ విషయంలో మృత్తికా శాస్త్రజ్ఞుల వాడుక ఆదర్శప్రాయం. నేలలోని సూక్ష్మజీవుల చురుకుదనాన్ని తెలుసుకోవడానికి వారూ టి.టి.సి.నే వాడతారు. ఏర్పడిన ఎరుపును ఆల్కహాలుతో సంగ్రహించి 485 నానోమీటర్ల వద్ద కొలుస్తారు. ఫలితాన్ని మాత్రం గ్రాము మట్టిలో 24 గంటలకు ఏర్పడిన ట్రైఫినైల్ ఫార్మజాన్ ఇన్ని మైక్రోగ్రాములని రాస్తారు. పోసినదాని పేరు వేరుగా, పుట్టినదాని పేరు వేరుగా ఆ వాక్యంలో నిలుస్తాయి. మట్టికి రంగు పట్టిందని ఎవరూ రాయరు. విత్తన శాస్త్రం తన పక్క గది నుండే ఈ క్రమశిక్షణను నేర్చుకోవచ్చు.

2019లో అంతర్జాతీయ విత్తన పరీక్షా సంఘం మహాసభలు హైదరాబాద్‌లో జరిగాయి. విత్తనోత్పత్తిలో తెలుగు రాష్ట్రాలకు ఉన్న స్థానాన్ని అది చాటింది. ఆ స్థానానికి తగిన పరిభాష తెలుగులో రూపొందవలసి ఉంది. అందుకు గొప్ప నిఘంటువులు రావాలని ఎదురుచూడనక్కర లేదు. ఒక్కొక్క పరీక్షను, ఒక్కొక్క పేరును తీసుకుని అది ఏమి చెబుతున్నదో, ఏమి చెప్పడం లేదో తేల్చుకుంటూ పోతే చాలు.

విస్తరణ శాస్త్రవేత్త రైతుతో చెప్పవలసిన మాట చివరికి ఇంత సరళంగా ఉంటుంది: "ఈ విత్తనంలో నూటికి ఇన్ని గింజలు బతికి ఉన్నాయి. వాటిలో ఎన్ని మొలుస్తాయో మొలక పరీక్ష చెబుతుంది. అది తేలిన తరువాతే విత్తన మోతాదు నిర్ణయించుకోండి." ఈ మూడు వాక్యాలలో రంగు అనే మాట రాలేదు. రైతు తెలుసుకోవలసిన దానిలో ఏ లోటూ లేదు.